హృదయమునకు కావలి

మనుష్యుడు తన ఇంటికి తాళము వేయును; పొలమునకు కంచె కట్టును; ధనమును బ్యాంకులో భద్రపరచును. ఇవి పోయినను కష్టపడి తిరిగి సంపాదింపవచ్చును. పోయిన పిమ్మట తిరిగి పొందుట మిక్కిలి దుర్లభమైన సొత్తు మరియొకటి కలదు. అది అతని అంతరంగము. దానికి మాత్రము చాలమంది తలుపైనను పెట్టుకొనరు. ఉదయమున లేచినది మొదలు రాత్రి పరుండువరకు ఎవరి మాటయైనను, ఏ వార్తయైనను, ఏ కోపమైనను, ఏ ఆశయైనను అనుమతి లేకయే లోనికి వచ్చి, తనకు నచ్చినంతసేపు కూర్చుండి వెడలిపోవును. ఈ అంతరంగమును కాపాడుకొనుటకు క్రైస్తవ విశ్వాసము చూపిన మార్గమేమి, ఆ విశ్వాసము దినచర్యలో ఏ రూపము దాల్చవలెను అను విషయములను గూర్చి ఈ ప్రసంగమున కొంత ఆలోచింతము.

ఇది కేవలము సాధువులకు సంబంధించిన విషయము కాదు. ఆఫీసులో పై అధికారి అన్న మాటను మనస్సులో మోసికొని ఇంటికి వచ్చిన తండ్రి చేతిలో ఏమియు ఎఱుగని పసివాడు దెబ్బ తినును. పొరుగింటి వారి నగను చూచి వచ్చిన నాటి రాత్రి ఆ ఇంట అన్నము రుచింపదు. అంతరంగమునకు కావలి లేకపోవుటవలన కలుగు నష్టము ఒక్కని తోనే ఆగదు. అతనిని నమ్ముకొని యున్న వారందఱును దానిని పంచుకొందురు.

బైబిలులోని సామెతల గ్రంథమున, నాలుగవ అధ్యాయమునందు, ఒక తండ్రి తన కుమారునకు బుద్ధి చెప్పుచు హృదయమును జీవమునకు ఊటగా భావించి, తక్కిన వానికంటె ముందుగా దానిని కాపాడుకొమ్మని బోధించును. ఈ ఉపమానము మిక్కిలి యోచింపదగినది. ఊటను బండతో మూసివేసిన వాడు దానిని కాపాడినవాడు కాడు. దానిని విడిచిపెట్టి, పశువులు దిగి బురద చేయుచుండగా చూచుచు ఊరకున్నవాడును కాపాడినవాడు కాడు. మన పల్లెలలో చెఱువునకు నీరటికాడు ఉండెడివాడు. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దింపవలెనో అతడు ఎఱుగును. ప్రతిదినము కట్టపై నడచి, ఎక్కడనైన ఎండ్రకాయ బొరియ కనబడినచో అప్పుడే మట్టితో పూడ్చును. కట్ట ఒక్క రాత్రిలో తెగినట్లు లోకమునకు కనబడును. కాని అది తెగుట చాల దినములుగా ఎవరును చూడక విడిచిన చిన్న బొరియతోనే ప్రారంభమై యుండును. హృదయమునకు కావలి యన్నను ఇట్టిదే. అది ఒకమారు కట్టి మఱచిపోదగిన గోడ కాదు. దినదినమును కట్టపై నడచు అలవాటు.

ఈ సత్యమును మొట్టమొదట లోతుగా పరిశీలించిన వారు 4వ శతాబ్దమున ఐగుప్తు దేశపు ఎడారులలో నివసించిన క్రైస్తవ తాపసులు. వారిలో మూలపురుషునిగా ప్రసిద్ధి చెందిన అంతోని 356లో దివంగతుడయ్యెను. ఆయనను గూర్చి పరంపరగా వచ్చిన కథ యొకటి కలదు. ఒకనాడు ఆయన ఎడారిలో కూర్చుండి యుండగా మనస్సునకు మిక్కిలి విసుగు కలిగినది, ఆలోచనలు ముసురుకొన్నవి. రక్షణ పొందుటకు నేనేమి చేయుదునని ఆయన దేవుని అడిగెను. పిమ్మట బయటికి వచ్చి చూడగా తనవంటి మనుష్యుడొకడు కూర్చుండి తాడు పేనుచుండెను. కొంతసేపటికి అతడు పని ఆపి లేచి ప్రార్థించెను. మరల కూర్చుండి తాడు పేనెను. మరల లేచి ప్రార్థించెను. అతడు దేవదూతయనియు, అంతోని అడిగిన ప్రశ్నకు ఆ దృశ్యమే సమాధానమనియు ఆ కథ చెప్పుచున్నది. పని, ప్రార్థన, మరల పని, మరల ప్రార్థన. ఇంతకంటె నిరాడంబరమైన ఉపదేశ మేమి కలదు?

ఆ ఎడారికే సుమారు 383లో వచ్చిన విద్వాంసుడు పొంతు దేశీయుడైన ఎవాగ్రియుసు. కాన్‌స్టాంటినోపిలు నగరమున వాదనలలో కీర్తి గడించినవాడు. అచటనే ఒక వివాహిత స్త్రీపై తన మనస్సు లగ్నమగుచున్నదని గ్రహించి, ఆ నగరమును విడిచి వచ్చినవాడు. కనుక ఆలోచనల బలమును అతడు పుస్తకములలో మాత్రమే చదివి తెలిసికొనలేదు. మనుష్యుని పీడించు ఆలోచనలను అతడు ఎనిమిదిగా విభజించెను: తిండియాశ, కామము, ధనాశ, దుఃఖము, కోపము, విసుగు, కీర్తికాంక్ష, గర్వము. తరువాతి కాలమున పాశ్చాత్య క్రైస్తవులు ఏడు మూలపాపములని చెప్పుకొనిన పట్టిక ఈ ఎనిమిదింటినుండి ఏర్పడినదే.

వీనిలో విసుగును గూర్చి ఎవాగ్రియుసు చేసిన వర్ణన నేటికిని క్రొత్తగానే యున్నది. మధ్యాహ్నవేళ తాపసికి సూర్యుడు కదలుట లేదనిపించును. దినమునకు ఏబది గంటలున్నట్లు తోచును. అతడు మాటిమాటికి కిటికీవైపు చూచును; గదినుండి బయటికి వచ్చి, ఎవరైనను తన్ను చూడవచ్చుచున్నారా యని నలుదిక్కులు పరికించును. ఈ చోటు మంచిది కాదు, ఈ పని నాకు తగినది కాదు, ఇక్కడి వారికి ప్రేమ లేదు, మఱియొకచోట సుఖముగా ఉండవచ్చును అను తలంపులు వరుసగా వచ్చును. పదునాఱు వందల సంవత్సరములు గడచినవి. నేడు మనము చేతిలోని సెల్‌ఫోనును అవసరము లేకయే గంటకు ఎన్ని మారులు తీసి చూచుచున్నామో ఆలోచించినచో, ఆ తాపసి మనకు దగ్గఱి బంధువని తెలియును. కిటికీ మాఱినది, కిటికీవైపు పరుగెత్తు మనస్సు మాఱలేదు.

ఇందుకు ఎవాగ్రియుసు చెప్పిన ఔషధము రెండు మాటలలో ఇమిడియున్నది. ఆలోచన మనలోనికి వచ్చుట మన వశములో లేదు. వచ్చినదానిని నిలుపుకొనుటయు, పంపివేయుటయు మన వశములో ఉన్నవి. ఇది మొదటిది. ఎందఱో భక్తులు తమకు చెడ్డ తలంపు వచ్చినంతమాత్రముననే తాము చెడిపోయితిమని కుమిలిపోవుదురు. వాకిటికి వచ్చిన ప్రతివాడును ఇంటివాడు కాడు గదా! రెండవది, వచ్చిన తలంపునకు ముందుగానే జవాబు సిద్ధపఱచుకొనుట. దీనికొఱకు అతడు బైబిలులోని వాక్యములను ఏఱి, ఎనిమిది ఆలోచనలకును ఎనిమిది భాగములుగ ఒక గ్రంథమును కూర్చెను. అరణ్యమున శోధింపబడినప్పుడు యేసుప్రభువు లేఖనములతోనే ప్రత్యుత్తరమిచ్చిన విధానమే దీనికి ఆదర్శము. కష్టకాలమున వాక్యమును వెదకుకొనుట కష్టము. కష్టము రాకమునుపే కంఠస్థము చేసికొన్నది ఆ వేళకు తానుగా నోటికి వచ్చును.

అయితే, ఇదంతయు ఎడారిలో ఉన్నవారికి సాధ్యము కావచ్చును గాని, సంసారము, ఉద్యోగము, పొయ్యి, పిల్లలు గలవారికి ఎట్లు సాధ్యమగును అను సందేహము కలుగును. ఈ సందేహమునకు సమాధానముగా 17వ శతాబ్దమునకు చెందిన ఒక వంటవాని జీవితమును చూడవచ్చును. అతని పేరు నికొలా హెర్మాన్. లొరేను ప్రాంతమున పేద కుటుంబమున జన్మించెను. పదునెనిమిదవ యేట, శీతకాలమున, ఆకులన్నియు రాలి మోడై యున్న చెట్టు నొకదానిని చూచి, కొలది కాలమునకు ఇది మరల చిగిర్చి, పూచి, కాచును గదా యని తలంచినప్పుడు దేవుని శక్తియు సంరక్షణయు అతని మనస్సున గాఢముగ నాటుకొనెను. ముప్పది యేండ్ల యుద్ధమున సైనికుడై, కాలికి గాయము తగిలి, కుంటివాడయ్యెను. కొంతకాలము ఒక ప్రభువుగారి యింట సేవకుడుగా ఉండి, చేత పట్టిన వస్తువునెల్ల పగులగొట్టు మొద్దుననిపించుకొనెను. చివఱకు 1640లో పారిసు నగరమునందలి వోజిరార్ వీధిలోని కార్మెలు మఠమున చేరి, సహోదరుడు లారెన్సు అను పేరు ధరించెను.

చదువు లేనివాడగుటచే అతనికి వంటశాలలో పని ఇచ్చిరి. ఆ పనియందు అతనికి సహజముగ అయిష్టము. ఐనను పదునైదు సంవత్సరములు ఆ పొయ్యి యొద్దనే గడపెను. ఆ తరువాత చెప్పులు బాగుచేయు పనికి మార్చిరి. మఠమునకు కావలసిన ద్రాక్షారసమును కొనుటకు ఒకమారు అతనిని బుర్గుండికి పంపిరి. బేరమాడుట అతనికి చేతకాదు, కాలు కుంటి, పడవలో పీపాలమీదుగా దొర్లుచు తప్ప ఒకచోటి నుండి మఱియొక చోటికి పోలేకపోయెను. ఇది నీ పనియే ప్రభువా యని దేవునితో చెప్పుకొని ఆ పనియు నెఱవేర్చుకొని వచ్చెను.

అతని సాధనలో రహస్య మేమియు లేదు. పెనముమీద గుడ్డట్టును తిరుగవేయునప్పుడు దేవుని ప్రేమకొఱకు తిరుగవేయుట; నేలమీద నున్న గడ్డిపరకను తీసినను దేవుని ప్రేమకొఱకు తీయుట; పని మొదలుపెట్టునప్పుడు సహాయము కోరుట, ముగించినప్పుడు కృతజ్ఞత తెలుపుట, నడుమ చిన్న చిన్న మాటలతో దేవునితో సంభాషించుట. మోకాళ్లమీద ఉన్నప్పుడు ఎట్లో, పదిమంది పది వస్తువుల నడుగు వంటశాల సందడిలోను అట్లే నెమ్మదిగా ఉండుట అతనికి అలవడెను. 1666 ఆగస్టు 3వ తేదీన అతనిని మొదటిసారి కలిసికొని సంభాషించిన జోసెఫ్ ద బొఫోర్ అను గురువు ఆ మాటలను వ్రాసియుంచెను. 1691 ఫిబ్రవరి 12వ తేదీన లారెన్సు మరణించిన తరువాత, ఆ సంభాషణలును, అతడు వ్రాసిన కొలది ఉత్తరములును అచ్చుపడినవి. కతోలిక మఠమున పుట్టిన ఆ చిన్ని పుస్తకమును ప్రొటెస్టెంటులును తమదిగా భావించి చదివిరి.

ఇచట ఒక విషయమును దాచి చెప్పరాదు. ఈ నెమ్మది అతనికి ఊరక లభింపలేదు. మొదటి పది సంవత్సరములు తాను మిక్కిలి బాధపడితినని అతడే ఒక ఉత్తరమున వ్రాసెను. నాలుగు సంవత్సరములపాటు తాను నశించుట నిశ్చయమని నమ్మి, ఎవరు చెప్పినను ఆ తలంపును వదలించుకొనలేక తల్లడిల్లెను. చివఱకు, నా గతి ఏమైనను కానిమ్ము, మరణించువరకు దేవుని ప్రేమించుటయైనను నా వశములో ఉన్నది గదా యని నిశ్చయించుకొనిన పిమ్మట ఆ భారము తొలగినది. కనుక అంతరంగము నందు అలజడి కలిగినంతమాత్రమున విశ్వాసము లేదని ఎవరును తమ్ము తాము నిందించుకొనరాదు. దుఃఖము వారములు, నెలలు విడువక నిద్రాహారములను హరించుచున్నచో వైద్యుని యొద్దకు పోవుటయు అవసరమే. ప్రార్థించువాడు జ్వరమునకు మందు పుచ్చుకొనుట విశ్వాసలోపము కానట్లే, మనోవ్యాధికి చికిత్స పొందుటయు విశ్వాసలోపము కాదు.

తప్పు జరిగినప్పుడు లారెన్సు అనుసరించిన పద్ధతియు గమనింపదగినది. నీవు విడిచిపెట్టినచో నేనింతే ప్రభువా యని ఒప్పుకొని, క్షమాపణ వేడుకొని, ఆ తరువాత దానిని గూర్చి మథనపడక పనిలోనికి దిగెడివాడు. తన్ను తాను కొట్టుకొనుచు గంటలకొలది కూర్చుండువాడు దేవుని వైపు కాక తనవైపే చూచుచున్నాడు. అతి చింతయు ఒక బొరియయే. మనస్సు చెదరుచున్నదని వ్రాసిన ఒకరికి అతడు మఱియొక సలహా నిచ్చెను: ప్రార్థనవేళ మనస్సు నిలువవలెనన్నచో తక్కిన వేళలలో దానిని మిక్కిలి దూరము పోనీయరాదు. ఈ ప్రసంగమునకు సారాంశము ఈ సలహాయే. ఉదయము అరగంట దేవునికిచ్చి, తక్కిన దినమంతయు మనస్సును విచ్చలవిడిగా విడిచినచో, మఱునాటి అరగంట దానిని వెదకుటకే చాలదు.

ఇక దినచర్య యెట్లుండవలెను? మొదటిది ఉదయము. మార్కు సువార్త మొదటి అధ్యాయమున ఒక సన్నివేశము కలదు. కపెర్నహూములో సాయంకాలము ఊరంతయు వాకిట కూడగా యేసు అనేక రోగులను స్వస్థపఱచెను. మఱునాడు ఇంకను చీకటి యుండగనే లేచి, ఒంటరిచోటికి పోయి ప్రార్థించెను. పని తక్కువైనందున కాదు, ఎక్కువైనందుననే ఆ ఏకాంతము. గదిలోనికి పోయి తలుపు వేసికొని ప్రార్థింపుమని ఆయన శిష్యులకు బోధించిన చోట, గ్రీకు మూలమునందలి పదమునకు సామానులు దాచు గది యను అర్థమును కలదు. పేదయింట తలుపుండు గది అదియే కావచ్చును. కనుక ప్రార్థనకు ప్రత్యేక మందిరము లేదని చింతింప నక్కఱలేదు. ధాన్యపు బస్తాల నడుమనైనను, వంటింటి మూలనైనను పది నిమిషములు చాలును. అయితే ఆ పది నిమిషములు వార్తాపత్రికకు, సెల్‌ఫోనుకు ముందు కావలెను. ఉదయమున మొదట లోనికి వచ్చిన మాటయే తఱచుగా ఆ దినమునకు యజమాని యగును.

రెండవది పనివేళ. బబులోనులో గొప్ప అధికారిగా నుండిన దానియేలు దినమునకు ముమ్మాఱు మోకరించెనని బైబిలు చెప్పుచున్నది. రాజ్యకార్యము లున్నవని అతడు ఆ నియమమును విడువలేదు. మనకు కొన్ని గుర్తులు చాలును: కుళాయిక్రింద బిందె నిండుచున్నంతసేపు, బస్సుకొఱకు నిలిచియున్నంతసేపు, క్రొత్త కాగితము చేతిలోనికి తీసికొనుటకు ముందు ఒక్క వాక్యము. ఎవరికిని కనబడదు, పనికి ఆటంకమును కాదు.

మూడవది సాయంకాలము. తెలుగు క్రైస్తవ గృహములలో కుటుంబ ప్రార్థన మంచి ఆచారముగా వచ్చుచున్నది. దీపము వేళ చాపపఱచి, ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయము చదివి, పెద్దలు ప్రార్థించుట. 19వ శతాబ్దమున పురుషోత్తమ చౌదరిగారు మన రాగతాళములలో రచించిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున చేరి, చదువురాని అవ్వలకును కంఠస్థములైనవి. రోకటిచెంత నైనను, నాటువేసెడు మడిలో నైనను ఆ కీర్తన మనస్సులో నడచుచుండును. ఎవాగ్రియుసు పుస్తకముతో సాధింపబూనిన దానిని మన అవ్వలు పాటతో సాధించిరి. సూర్యుడు అస్తమించులోపలనే కోపమును విడువుమని ఎఫెసీ సంఘమునకు వ్రాసిన పత్రికలోని బోధను పాటించుటకును ఇదియే తగిన వేళ. భార్యాభర్తలు గాని, అన్నదమ్ములు గాని ముఖములు చూచుకొనకుండ ఒకే చాపపై చాల దినములు ప్రార్థింపజాలరు. ప్రార్థన యైనను ఆగవలెను, కోపమైనను పోవలెను.

నాలుగవది నిద్రకు ముందు. 1548లో అచ్చుపడిన తన సాధన గ్రంథమున ఇగ్నేషియసు లొయోలా ఆత్మపరీక్షకు ఐదు మెట్లు చెప్పెను: పొందిన మేలులకు కృతజ్ఞత చెల్లించుట, తన లోపములను చూచుటకు కృప కోరుట, గడియ గడియగా దినమును పరిశీలించుట, తప్పులకు క్షమాపణ వేడుట, దిద్దుకొందునని నిశ్చయించుట. పరిశీలనకంటె ముందు కృతజ్ఞత యుండుట గమనింపుడు. మేలును తలంచినవాడు తన తప్పును నిరాశ లేకుండ చూడగలుగును. పది నిమిషములలో ముగియు ఈ పని నీరటికాడు కట్టపై నడచుట వంటిదే. నాటి బొరియను నాడే పూడ్చినచో మఱుసటి వర్షమునకు భయపడ నక్కఱలేదు.

ఈ నాలుగు అలవాట్లును ఒక్కమాఱే పట్టుబడవు. ఒకదానితో ప్రారంభించి, అది కుదిరిన తరువాత మఱియొకదానిని చేర్చుకొనుట మేలు. తప్పిన దినమున మరల ప్రారంభించుటయే నియమము. ఎందుకనగా, క్రైస్తవ విశ్వాసము ప్రకారము ఈ కావలి కాయువాడు ఒంటరివాడు కాడు. అతడు మేలుకొనియున్నను, అలసి నిద్రించినను, అతనిని కాపాడు దేవుడు మేలుకొనియే యుండును. మన అలవాటు ఆయన కృపను కొనునట్టి వెల కాదు. ఆయన వచ్చి తట్టునప్పుడు మనము ఇంట ఉండుటకు చేసికొనిన ఏర్పాటు మాత్రమే.

శ్రోతలలో క్రైస్తవులు కానివారును అనేకులుందురు. మీమీ మతములయందును ప్రాతఃకాల ధ్యానము, సాయంసంధ్య ప్రార్థన, మిత భాషణము వంటి నియమములు కలవు. హృదయమును కాపాడుకొనవలసిన అవసరము అందఱికిని ఒక్కటియే. ఈ రాత్రి దీపమార్పకముందు ఈ దినమున మన లోనికి ఎవరెవరు వచ్చిరి, ఎవరిని కూర్చుండబెట్టితిమి, ఎవరిని పంపివేసితిమి అని ఒక్కమాఱు విచారించుకొన్నను మేలే. రేపటి ఉదయమున లోనికి రావలసిన మొదటి అతిథి ఎవరో అప్పుడు మనకే తెలియును.